బెల్లం తిన్న గుంత

మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనక సందులో పాల సక్కుబాయి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెయ్యెత్తి చూపేవారు కాదు. పేడ వాసన పట్టుకుని పొమ్మనేవారు. ముందర బర్రెల కొట్టం, వెనక వంటిల్లు, వంటింటి గోడ నిండా అయిదు వేళ్ల అచ్చులతో పిడకలు. చాలా ఏళ్లు ఆ అచ్చులు సక్కుబాయివే. కోడలు కళావతి వచ్చాక పెద్ద చెయ్యి పక్కన చిన్న చెయ్యి చేరింది.

కళావతికి పిల్లలు లేరు. ఆ మాట సందులో ఎవరన్నా ఎత్తారంటే మర్నాడు వాళ్లింటికి నీళ్లపాలు పోయేవి. సక్కుబాయి కొడుకు బాలనర్సింహ, సైకిలు మీద పాలు పోసి వచ్చేవాడు, ఎవరు ఏమన్నారో పాలను బట్టే తెలుసుకునేవాడు.

పని తెమిలాక సక్కుబాయి వంటింటి గడప అవతల కూర్చుని, తవుడూ బెల్లమూ కట్టి తెచ్చిన కాగితాలు సాపు చేసి పైకి చదివేది. బడి మొహం చూడని మనిషి. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. లోపల పొగలో కనపడని కోడలు ఊకొట్టేది. సగం చిరిగిన వార్తకు మిగతా సగం తనే కల్పించి చెప్పేది. దొంగ దొరికాడో లేదో కాగితంలో లేకపోతే, "దొరికిండు అత్తమ్మా, పెండ్లాం పట్టిచ్చింది," అనేది.

ఆ ఏడు జ్యేష్ఠంలోనే ముసురు పట్టింది. పిడకలు నెమ్మెక్కి, మండడం మాని పొగలు కక్కడం మొదలుపెట్టాయి. కిరోసిన్‌కు కటకట. రేషన్ షాపు ముందు వరసలో డబ్బాలు నిలబడేవి, మనుషులు గోడకు ఆనుకుని కునికేవాళ్లు. గ్యాసు సిలిండరుకు పేరు రాయించి ఏళ్లు గడిచినా పిలుపు రాలేదు. వంటింట్లోంచి ఊకొట్టడం తగ్గిపోయింది. దగ్గు వినపడడం మొదలైంది.

పెద్ద దవాఖాన డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, మందులు రాశాడు. "పొగ మానకుంటే ఈ మందులు దండుగ. మూడు నెలలు పొగ లేని చోట ఉంచండి. లేకుంటే జన్మకు ఉబ్బసం అంటుకుంటది," అన్నాడు.

కబురు తెలిసి కళావతి అన్న కైలాసం వచ్చాడు. రామచంద్రాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, కంపెనీ క్వార్టరు, అందులో సిలిండరు.

"అత్తమ్మా, చెల్లెను తోల్కపోత. మా ఇంటామె గూడ రమ్మన్నది," అన్నాడు.

సక్కుబాయి, "ఇంటెనక గోబర్ గ్యాస్ గుంత తవ్విస్తున్నం బిడ్డా. చూసినవ్ గదా. గ్యాస్ వస్తే పొగెక్కడిది?" అంది.

"ఎప్పుడొస్తది?"

"బోనాల దాంక ఆగు."

కైలాసం బావ మొహం చూశాడు. బాలనర్సింహ తల గోక్కున్నాడు. "సరే, బోనాల దాంక చూస్త. పండుగ ఎల్లిన తెల్లారి ఆటో తెస్త. అప్పుడు ఏం చెప్పినా ఇనను," అని కైలాసం వెళ్లిపోయాడు.

ఆ గుంత పని చూసేవాడు రామ్‌చందర్ అనే సర్కారు సూపర్‌వైజరు. గుంతలో పేడ నీళ్లు నింపి, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము చూపించి చెప్పాడు. "పెండ, నీళ్లు సమానంగ కలిపి పొయ్యాలె. గాలి తగలకుండ మురిగితే గ్యాస్ పుడ్తది. డ్రమ్ము పైకి లేస్తది. మొదటి గ్యాస్ మండది, ఇడిసిపెట్టుండ్రి. పొగ ఉండది, మీ పెండ మోరీల పడి మూసీల కలుసుడుండది. మిగిలిన రొచ్చు తోటలోళ్లు ఎరువుకు తీస్కపోతరు."

"ఎన్ని దినాలు పడ్తది నాయినా?"

"మూడు నాలుగు వారాలు. ముసురు గదా, ఇంకో వారం ఎక్కువైనా ఫికర్ చెయ్యొద్దు."

ఫికర్ చెయ్యొద్దంటే సక్కుబాయికి ఊపిరి తియ్యొద్దన్నట్టే. రోజూ డ్రమ్మును తట్టి చూసేది. పక్కింటి ఆగమ్మ గోడ మీదుగా తల పెట్టి, "పెండతోని చాయ్ కాస్తవంట గద, మాకు పొయ్యకు," అంది.

"నీకు పోస్తెగద," అంది సక్కుబాయి.

డ్రమ్ము కాస్త లేచింది. మొదటి గ్యాసు వదిలేశారు. ఆ తర్వాత లేవలేదు. కుదురుగా కూర్చుంది, అలిగిన బర్రెలాగా.

ఆ పోలిక తోచడమే తరువాయి. పాలు చేపని బర్రెను ఎట్లా లొంగదీసుకోవాలో సక్కుబాయికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. పొదుగులో పాలున్నా, ఈనిన బర్రె ఒక్కోసారి బిగబట్టుకుంటుంది. కొడితే ఇవ్వదు. తవుడు ఉడికించి, బెల్లం కలిపి, గంగడోలు నిమురుతూ తినిపిస్తే దానంతటదే కిందికి వదులుతుంది. కొడుకు పాలకు వెళ్లగానే సక్కుబాయి తవుడు ఉడికించి, గుప్పెడు బెల్లం పిసికి, గుంతలోకి పేడ పోసే తూములో పోసింది. డ్రమ్ము మీద చెయ్యి వేసి నిమిరింది కూడా. "ఇయ్యవే నా తల్లీ. పిల్ల పోతది," అంది.

వెనక్కి తిరిగేసరికి కళావతి నిలబడి ఉంది. వద్దంటుందేమో అనుకుంది సక్కుబాయి.

"మెంతులు గూడ ఏద్దామా అత్తమ్మా?" అంది కళావతి. "మా దిక్కు మెంతులేస్తరు."

ఆమెకు కూడా పోవాలని లేదు.

ఇక అత్తాకోడళ్లకు అదే పని. బెల్లం ముద్దలు పెద్దవయ్యాయి. తెలగపిండి చేరింది. గుంత ఇంకా అలిగితే ఇంకా పెట్టారు. తూములో నురగ కనపడితే సంతోషించారు. డ్రమ్ము మాత్రం రోజురోజుకూ కిందికి దిగింది.

బోనాలకు ముందు రామ్‌చందర్ వచ్చాడు. తూములో కర్ర పెట్టి కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం పెట్టాడు.

"పులిసింది. ఏమేసిండ్రమ్మా దీంట్ల?"

"పెండ నీళ్లు," అంది సక్కుబాయి.

"బెల్లం," అంది కళావతి.

"జరంత," అంది సక్కుబాయి.

"తవుడు. తెలగపిండి. మెంతులు."

బాలనర్సింహ నోరు తెరిచాడు. "ఇంట్ల బెల్లం దబ్బున ఒడుస్తుంటె చీమలు తింటున్నయనుకున్న," అన్నాడు.

రామ్‌చందర్ కర్ర మీద వాలి నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "అమ్మా, మీ బర్రె తాడు తెంపుకుని, బియ్యం బస్తాల మూతి పెట్టి మెక్కిందనుకో. ఏమైతది?" అన్నాడు.

"కడుపుల పులుస్తది. ఉబ్బి పండుకుంటది. సస్తది గూడ."

అన్న తర్వాతగానీ ఆమెకు తన మాట తనకు వినపడలేదు. డ్రమ్ము వంక చూసింది. ఎదిగిన బర్రెకు కూడా పెట్టనంత తిండి, ఇంకా పుట్టని దానికి పెట్టింది.

"గప్పుడేం జేస్తరు?"

"మేత బంద్ జేస్తం," అంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"గదే మందు. కొన్ని దినాలు పస్తు ఉంచుండ్రి. తర్వాత సున్నపు తేట కొంచెం కొంచెం పోద్దాం. నడుస్తున్న గుంత నుంచి రెండు డబ్బాల రొచ్చు నేను పంపిస్త, తోడు పెట్టినట్టు. నెల పట్టొచ్చు."

నెల. బోనాలు ఈ ఆదివారమే.

"నేను పోను," అంది కళావతి, అతను వెళ్లగానే. "బయట పొయ్యి పెట్టుకుంట."

"వానలనా?"

"గొడుగు పట్టుకుంటడు మీ కొడుకు."

బాలనర్సింహ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగాడు.

ఇంట్లోంచి మూసీ మీది నయాపూల్ వంతెన దాటి పోయినవాళ్ల లెక్క సక్కుబాయి మనసులో ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. చెల్లెలు రాజమణి షోలాపూర్ మిల్లు పనికి మొగుడితో పోయింది, మళ్లీ మొహం చూడలేదు. పెనిమిటి ఎల్లప్ప సాయంత్రానికి వస్తానని దవాఖానకు రిక్షా ఎక్కాడు. వచ్చింది ఆయన కాదు, ఆయన దేహం. అప్పటి నుంచి ఎవరు ఊరికి పోతున్నా ఆమె గడప దాటి సాగనంపేది కాదు. కొట్టంలోకి పోయి బర్రెల మధ్య నిలబడేది.

పండుగనాడు బోనం ఎత్తుకుని పోయి వచ్చినంతసేపూ ఒకే మాట నాలుక చివర తిప్పుకుంది. రేపో ఎల్లుండో వస్తది బిడ్డా, సూపర్‌వైజర్ చెప్పిండు. కైలాసం మంచివాడు, పెద్దావిడ అంటే నమ్ముతాడు. ఇంకో వారం గడుస్తుంది. ఆ తర్వాత ఇంకో మాట దొరక్కపోదు.

తెల్లారి కైలాసం రావడానికి ముందు, కళావతి చాయ్‌కి పొయ్యి అంటించింది. తడి పిడక గుప్పున పొగ చిమ్మింది. కళావతి ఒక చేత్తో ఊదుగొట్టం, ఇంకో చేత్తో గోడ పట్టుకుంది. దగ్గు ఆగితే ఊపిరి అందడం లేదు, ఊపిరి అందితే దగ్గు ఆగడం లేదు. సక్కుబాయి లోపలికి ఉరికి ఊదుగొట్టం కొస అందుకుంది.

"ఇటియ్యి."

"నీ కండ్లకు పడదు, నేనూదుత."

"నువ్వు బయటికి పో."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగారు. కళావతి చేతిలో బలం లేదు. గొట్టం తేలిగ్గా వచ్చేసింది. అంత తేలిగ్గా రావడం సక్కుబాయి భరించలేకపోయింది.

ఆటో చప్పుడైంది. కైలాసం గుమ్మంలోకి వచ్చి, "అత్తమ్మా, గ్యాస్ వచ్చిందా?" అన్నాడు.

"రాలే," అంది సక్కుబాయి. "ఇంకో నెల రాదు. నేనే చెడగొట్టిన. తోల్కపో బిడ్డా."

కళావతి ఏడుస్తూ చీరలు మడిచింది. మధ్యలో సక్కుబాయి అందుకుని తనే సంచిలో కుక్కింది. ఆటో బయలుదేరబోతుంటే కొట్టంలో చూశాడు బాలనర్సింహ, తల్లి అక్కడ లేదు. ఆటోలో కళావతి పక్కన కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికి అత్తమ్మా?"

"బస్సు దాంక."

నయాపూల్ మీద ఆటో పోతుంటే మూసీ గాలి మొహానికి కొట్టింది. సక్కుబాయి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది, కిందికి చూడలేదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు కిటికీ దగ్గర నిలబడి, "మందులు మర్వకు," అంది.

"నేనొచ్చేదాంక గ్యాస్ పొయ్యి అంటియ్యకు."

"గ్యాస్ నీ కోసం కూసుంటదా? డ్రమ్ము పల్గుతది."

కళావతి కన్నీళ్లలోనే నవ్వింది. బస్సు కదిలింది. సక్కుబాయి అది మలుపు తిరిగేదాకా చూసింది. ఎల్లప్పను కూడా ఇట్లా చూడవలసింది అనుకుంది.

తర్వాత గుంత పస్తు ఉంది. సక్కుబాయి పొగలో ఒక్కతే వండింది. సున్నపు తేట పోసేటప్పుడు "ఎక్కువైందా? ఎక్కువైందా?" అని రామ్‌చందర్‌ను విసిగించింది. ముసురు తగ్గి ఎండ మొహం చూపించాక, ఒక పొద్దున డ్రమ్ము జానెడు లేచి ఉంది. పుల్ల గీసి పెడితే స్టవ్వు మీద నీలం మంట సన్నగా గుసగుసలాడుతూ లేచింది. పొగ లేదు. ఆగమ్మ గోడ దిగి వచ్చి చాయ్ తాగి, గ్లాసు కడిగి ఇచ్చింది.

"రేపే పోయి తోల్కొస్త," అన్నాడు బాలనర్సింహ, చొక్కా తగిలించుకుంటూ.

సక్కుబాయి స్టవ్వు ఆర్పింది. "డాక్టర్ మూడు నెలలన్నడు. ఇంక సగం గూడ కాలే. పొగ పోయింది గని రొమ్ము మానొద్దా? నువ్వు పోయి చూసిరా. తోల్కరాకు."

ఆ మాట అన్నాక ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. అయినా మార్చుకోలేదు.

గడువు నిండాక కళావతి వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది, మొహంలో నిగారింపు. నేరుగా వంటింట్లోకి పోయి స్టవ్వు తిప్పి చూసుకుంది. సక్కుబాయి కూడా వెనకే పోయి పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో వంట చేస్తున్న కోడలి మొహం ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు. ముక్కు మీద చెమట పడుతుందని కూడా ఇప్పటిదాకా తెలియదు.

కళావతి నూనె వేసి, ఎండుమిరపకాయలు తుంచి వేసింది. ఘాటు లేచింది. గొంతు సవరించుకుని, ఒక్కసారి దగ్గింది.

సక్కుబాయి చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది.

"మిరపకాయ అత్తమ్మా," అంది కళావతి. అంటుండగానే ఘాటు సక్కుబాయికి తగిలి ఆమె కూడా దగ్గింది. తర్వాత ఇద్దరికీ ముక్కులు కారాయి.

"నాది సరే. నీదేందో చూడాలె," అంది సక్కుబాయి, కోడలి వీపు మీద చెవి ఆనించి. "ఇంకోపారి దగ్గు. ఇంట."

కళావతి దగ్గబోయింది. నవ్వొచ్చి దగ్గు రాలేదు.