కూర్చుని చూసిన సినిమా

ఇస్త్రీ చేస్తూ చూసే సినిమాకు ముగింపు ఉండదని, కువైట్‌లోని సల్వాలో ఇంటిపనికి కుదిరిన మొదటి ఏడే మునిలక్ష్మికి తెలిసిపోయింది. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అనాలి. ఆ మామా పెద్దకూతురికి ఒక చీనా సినిమా పిచ్చి. ఆ క్యాసెట్ ఎన్నిసార్లు వేసుకునేదో లెక్కలేదు. మాటలు చీనావి, కింద అక్షరాలు అరబ్బీవి, రెండూ మునిలక్ష్మికి ఒకటే. అయినా కథ తెలియకపోవడమేం, పల్లె నుంచి పెద్ద పట్నానికి వచ్చిన పిల్ల ఒకతి హోటల్లో గిన్నెలు తోముతుంది, అదే వైపు నుంచి వచ్చిన పిల్లాడు మేడలకు ఇటుకలు మోస్తాడు. రోజూ వాడికి ఆ పిల్ల గిన్నెలో అన్నం పట్టుకుపోతుంది. ఆ గిన్నె చూస్తే చాలు, మిగతాది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. చివర్లో ఇద్దరూ రైల్వేస్టేషన్‌లో నిలబడతారు, వాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి మామా కేక వినపడేది, చాయ్ అని. ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి టీవీ ఆరిపోయి ఉండేది. ముగింపును మునిలక్ష్మి తానే అల్లుకునేది. వాళ్లకు పెళ్లి చేసేది, రెండు గదుల ఇల్లు చూసిపెట్టేది, ఆ ఇంట్లో తాను చీపురు పట్టకుండా తిరిగేది.

నిలబడటం ఆమెకు కొత్త కాదు. కూర్చుని తినే ఆడది ఇల్లు నిలబెట్టదని రాయచోటిలో అత్త అనేది. నిలబడి తిని, నిలబడి టీ తాగి, ఆ ఇల్లు నిలబెట్టడానికే కువైట్ విమానం ఎక్కింది. ఎక్కిన మరుసటేడే మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. అడిగితే, ఇంట్లో పొయ్యి ఆరకూడదు గదా అన్నాడట. పెళ్లాం పోయిందని కాదు, పొయ్యి ఆరిందని ఆయనగారి బాధ.

తొంభయ్యో ఏడు ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. మామా వాళ్లు కార్లలో సౌదీకి బయలుదేరారు. మునిలక్ష్మి పాస్‌పోర్టు ఆమె చేతిలోనే పెట్టి, కౌగిలించుకుని, మామా ఏడ్చింది. పంజరంలో చిలక్కి కూడా కారులో చోటు దొరికింది, పనిమనిషికీ డ్రైవరుకీ దొరకలేదు. ప్రాణభయం అలాంటిది, మామాను ఏమనగలం.

డ్రైవరు ఓబులేసు. రాజంపేట మనిషి, పెళ్లాం పోయి చాలా ఏళ్లయింది, నోట్లో నాలుక లేనివాడు. గేటు పక్క గదిలో ఉండేవాడు. ఆమె అతన్ని ఓబులేసన్నా అనేది, అతను మునిలచ్చుమ్మా అనేవాడు. సైనికులు ఇల్లు సోదా చేయడానికి వచ్చిన రోజు ఒకడు ఆమెను ఎగాదిగా చూస్తుంటే, ఓబులేసు అడ్డం వచ్చి, ఈమె నా భార్య అని అరబ్బీలో చెప్పాడు. వాళ్లు పోయేదాకా అక్కణ్నుంచి పక్కకు జరగలేదు. ఆనాటి నుంచి అతను హాల్లో పడుకున్నాడు, ఆమె వంటింటి పక్క గదిలో గడియ పెట్టుకుంది. అన్నా అనడం మానేసింది. సైనికులకు తెలుగు రాదన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

నాటకం సైనికుల కోసమే మొదలైంది. కానీ సోదా ముగించి వాళ్లు వెళ్లిపోయాక కూడా తెర దించలేదు. మొదట్లో బేకరీ ముందు గంటలు నిలబడి రొట్టెలు తెచ్చేవాడు, నీళ్ల డబ్బాలు మోసేవాడు, తిన్న పళ్లెం కడుక్కునేవాడు. తర్వాత తర్వాత పళ్లెం తిన్నచోటే ఉండిపోవడం మొదలైంది. చొక్కా కుర్చీ మీద పడేసేవాడు. మునిలచ్చుమ్మా పోయి, పెళ్లాన్ని పిలిచినట్టు ఏమ్మే వచ్చింది. అందులో చెడు ఏమీ లేదు, అదే చిక్కు. ఆమెకు జ్వరం వస్తే రెండు రాత్రులు నుదుటి మీద తడిగుడ్డ మార్చినవాడు కూడా అతనే. తెల్లారి ఆ తడిగుడ్డలు ఉతుక్కున్నది మాత్రం ఆమే.

నిన్న చెప్పాడు. రేపు పొద్దున ఇండియా వాళ్ల బడి దగ్గర్నించి బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సు పోతుందని, అక్కణ్నుంచి ఇండియాకు విమానమని, మొగుడూపెళ్లాలకు ముందు సీటు ఇస్తారని, తమ పేర్లు అలాగే చెప్పి వచ్చానని. ఆ తర్వాత అసలు మాటకొచ్చాడు.

"ఊరికి పోయినా మనకెవురుండారు? మదనపల్లెలో ఇల్లు జూస్తా. పేరుకు చెప్పిందే నిజం జేసుకుందాం. నిన్ను బాగ జూసుకుంటా."

మునిలక్ష్మికి ఆ మాట నచ్చింది. ఎందుకు దాచాలి, అతనంటే ఇష్టమే. అడిగి పెళ్లి చేసుకుంటానన్నవాడు ఇంతవరకు ఆమె బతుకులో లేడు. కానీ మదనపల్లె ఇల్లు ఊహించుకుంటుంటే ముందుగా కళ్లకు కట్టింది వంటిల్లు. అందులో తానున్నది నిలబడే.

ఈరోజు సంచి సర్దేసింది. మధ్యాహ్నం హాలు ఊడుస్తుంటే టీవీ కింద ఆ క్యాసెట్ కనపడింది. కరెంటు ఉంది. పెద్దకూతురు నొక్కడం చూసిన మీటలే నొక్కింది. సోఫా అంచు మీద, తర్వాత కొంచెం వెనక్కి, తర్వాత పూర్తిగా ఆనుకుని కూర్చుంది. రోజూ దులిపే సోఫా అంత మెత్తగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. గిన్నెలు, ఇటుకలు, అన్నం గిన్నె అన్నీ గడిచాయి. స్టేషన్ వచ్చింది. వాడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమ్మే, టీ పెట్టు" అన్నాడు ఓబులేసు, గేటు దగ్గర్నించి వస్తూ.

కాళ్లు వాటంతటవే లేవబోయాయి. మునిలక్ష్మి రెండు చేతులతో మోకాళ్లు అదిమిపట్టింది.

"ఓబులేసన్నా" అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "ఈ పొద్దు నువ్వే పెట్టు. నాగ్గూడా ఒక గ్లాసు."

అన్నా అన్న మాట అతనికి తగిలిన చప్పుడు ఆమెకు వినపడింది.  

"రేపు బస్సు కాడ ఏమని జెప్పాల?" అన్నాడు ఓబులేసు.

"నేనెవురో నేనే జెప్పుకుంటా. సీటు ఎనకైతే ఎనకే. నా పక్కన చోటుంటే కూర్చో, కాదనను. మదనపల్లె మాట మళ్లీ అడుగు, నేను కూర్చోనుండంగ అడుగు."

ఓబులేసు వంటింట్లోకి వెళ్లాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చక్కెర యాడుండాది అని అడిగాడు. అన్నాళ్లూ ఆ వంటింటి టీయే తాగాడు పాపం. వెతుకు, దొరుకుతాది అంది మునిలక్ష్మి.

తెర మీద ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లోని గిన్నె మూత తీసి, తనే తినడం మొదలుపెట్టింది. అంతే, అయిపోయింది. ఇన్నాళ్లూ వాళ్లకు పెళ్లిళ్లు చేసి ఇళ్లు వెతికినందుకు మునిలక్ష్మికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

ఓబులేసు రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి ఆమె చేతికిచ్చి, తనొకటి పట్టుకుని, సోఫాకు దూరంగా గోడవారన నిలబడ్డాడు. టీలో చక్కెర తక్కువైంది. ఆ మాట ఆమె అనలేదు, లేచి వేసుకురానూ లేదు. కూర్చునే తాగింది.