మాస్టారి గోడ

ఆ వీధి కుళాయికి నీళ్ళు రాగానే ఎవరూ బకెట్టు పెట్టరు. ముందు కాసేపు ఊరికే వదిలేస్తారు. వాసన పోయి, నీళ్ళు కాస్త తేటపడ్డాక అప్పుడు వరుసగా బకెట్లు జరుపుకుంటూ కూరల ధరల గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకుంటారు. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయికి పక్కింటివాళ్ళు మొదట నేర్పే సంగతి ఇదే. తాగునీటి గొట్టం మురుగు కాలవలోంచి వస్తోందనీ, అతుకుల దగ్గర ఎప్పుడో చిల్లులు పడ్డాయనీ వీధిలో అందరికీ తెలుసు. పాఠకులారా, అన్యాయానికి అలవాటు పడిపోవడమంటే ఇలాగే ఉంటుంది.

ఆ వీధి చివరింట్లో ఒక పెయింటరు ఉండేవాడు. దుకాణాలకి పేర్లూ, ఎన్నికలొస్తే గోడల మీద వాగ్దానాలూ రాసేది అతనే. 'ఇంటింటికీ మంచినీళ్ళు' అని ఇప్పటి కౌన్సిలరు తరఫున పోయినసారి రాసినవాడూ అతనే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. తీరా గెలిచాక ఆ కౌన్సిలరే తన మనుషులకి కాంట్రాక్టు ఇప్పించి వేయించిన గొట్టం అది. పోయిన వానాకాలం ఆ నీళ్ళు తాగడం వల్లే పెయింటరు కూతురు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రిలో కన్నుమూసింది. బడిలో వేద్దామని ముందే కొన్న సంచీ ఇంకా వాళ్ళ ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. గోడలు రాయాలని కౌన్సిలరు కబురు పంపితే పెయింటరు రానన్నాడు. తనకి అక్షరాలు దిద్దించిన రిటైర్డు మాస్టారి దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

"నువ్వే ఎందుకు నిలబడకూడదయ్యా?" అన్నారు మాస్టారు. "అడిగేవాడు ఒక్కడున్నా ఆ గొట్టం ఈ వానలకి ముందే మారుతుంది. నీ వెనక నేనున్నాను."

ఇంటికొచ్చి చెబితే భార్య అంతా విని, "గెలుస్తారా?" అని అడిగింది.

"ఏమో."

"నిలబడండి. మన పిల్ల ఎందుకు పోయిందో ఒక్కరైనా పైకి చెప్పినట్టుంటుంది."

అతనికి ఎన్నికల గుర్తుగా నిచ్చెన వచ్చింది. "కొత్తగా కొనే పని లేదు, ఇంట్లో ఉన్నదే" అని పెయింటరు చాలాకాలం తర్వాత నవ్వాడు. భార్య కూడా నవ్వింది.

ఆ నవ్వు నాలుగు గుమ్మాలు ఎక్కి దిగేసరికి ఆరిపోయింది. నిచ్చెన బొమ్మ వేసుకోవడానికి గోడ ఇమ్మని అడిగితే టైలరు సూది పక్కన పెట్టాడు.

"నా ఓటు నీకేనన్నా. అందులో రెండో మాట లేదు. గోడ మాత్రం అడక్కు. కౌన్సిలరు గారింటి బట్టలన్నీ నా దగ్గరే కుడుతున్నాను."

పాల దుకాణం ఆవిడ అటూ ఇటూ చూసి లోపలికి పిలిచింది. "మా ఇంట్లో ఓట్లన్నీ నీవే బాబూ. లైసెన్సు ఆయన చేతిలో ఉంది కదా, గోడ సంగతి ఎత్తకు."

ఒక్కరు కూడా కాదని మొహం మీద చెప్పలేదు. ఓటు వేస్తామన్నారు, గోడ మాత్రం ఇవ్వలేమన్నారు.

ఇక మిగిలింది మాస్టారి గోడ. వీధి మలుపులో, సరిగ్గా కుళాయికి ఎదురుగా ఉన్న పొడవాటి గోడ అది. వీధిలో సగం మందికి చదువు చెప్పిన మనిషి గోడ మీద నిచ్చెన కనబడితే తక్కినవాళ్ళకీ ధైర్యం వస్తుందని పెయింటరు ఆశ. అడగడం లాంఛనమే అనుకుని రంగు డబ్బాలతో సహా వెళ్ళాడు.

మాస్టారు నీళ్ళు నమిలారు. "మా అబ్బాయి కౌన్సిల్ ఆఫీసులోనే కదయ్యా పనిచేసేది. ఇంకా పర్మనెంటు కాలేదు. గోడదేముంది, ఓటు ముఖ్యం గానీ."

పెయింటరు డబ్బాలు ఎత్తుకున్నాడు. తన ఇంటి గోడ మీదే బొమ్మ వేసుకున్నాడు. అటువైపు వచ్చేవాళ్ళే తక్కువ. ఊరంతా కౌన్సిలరు పేరే కనబడుతుంటే, పెయింటరు వెనక ఎవరూ లేరన్న మాట పుట్టింది. గోడలు చూసినవాళ్ళకి అది నిజమే అనిపించింది. అతని పక్షాన తామొక్కరమే ఉన్నామని ఎవరికి వారు అనుకున్నారు. ఎలాగూ ఓడిపోయేవాడికి ఓటెందుకని చాలామంది మనసు మార్చుకున్నారు. పెయింటరు చిత్తుగా ఓడిపోయాడు.

ఓటర్లకి కృతజ్ఞతలు రాయడానికి కౌన్సిలరు అతన్నే పిలిపించాడు. ఓడినవాడి చేత రాయించుకోవడంలో ఉన్న సరదా ఆయనకి బాగా తెలుసు. ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి పెయింటరు ఒప్పుకున్నాడు. మొదటి గోడ మాస్టారిదే. కౌన్సిలరు అడగ్గానే ఇచ్చేశారట.

మబ్బు పట్టి ఉంది. నిచ్చెన మీద నిలబడి రాస్తుంటే మాస్టారు గేటు దాకా వచ్చి గొంతు తగ్గించారు. "ఒట్టు, నా ఓటు నీకే వేశానయ్యా."

పెయింటరు రాస్తూనే ఉన్నాడు. ఇంతలో మాస్టారి మనవరాలు రెండు చేతులా గ్లాసు పట్టుకుని, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. పోయిన పిల్ల ఈడుదే.

"తాతయ్య నీకు నీళ్ళిమ్మన్నాడు."

అతను కిందికి దిగి గ్లాసు అందుకున్నాడు. "కాచారామ్మా ఈ నీళ్ళు?"

"ఊహూ, కుళాయివి. నేనూ ఇప్పుడే తాగాను."

పెయింటరు నీళ్ళు అక్కడే పారబోశాడు. ఖాళీ గ్లాసు మాస్టారి చేతికిచ్చాడు.

"మీరు వేశారంటే నమ్ముతున్నాను మాస్టారూ. వీధిలో అందరూ వేశామనే చెబుతున్నారు. చాటుగా వేస్తే అది మీ ఒక్కరి ఓటే. ఈ గోడ ఇచ్చుంటే దాన్ని చూసి వీధంతా వేసేది, గొట్టం మారేది. ఇక చేసేదేముంది, పాపకి కాచిన నీళ్ళివ్వండి."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. మనవరాలిని ఎత్తుకుని గుండెకి అదుముకున్నారు. వాన మొదలైంది. వీధి అవతల మురుగు కాలవ అప్పుడే పొంగుతోంది. మంచివాళ్ళు పైకి కనబడటానికి భయపడే ఊళ్ళో, ఆ భయానికి ముందుగా బలయ్యేది పసిపిల్లలే.