నిండిన బ్యాటరీ

బస్సు మెకానిక్‌గా రిటైరయ్యాక వెర్లిన్ సామాన్లు మోసే పాత ట్రైలర్ ఒకటి కొని, దాన్నే ఇల్లుగా మార్చాడు. పైకప్పు మీద సోలార్ పలకలు తనే బిగించాడు. భార్య నడీన్‌తో దేశమంతా తిరిగేవాడు. చలికాలం మాత్రం ఆరిజోనా ఎడారిలోనే మకాం.

నడీన్ ఊపిరితిత్తులు పాడయ్యాక రాత్రంతా ఆక్సిజన్ యంత్రం నడవాల్సి వచ్చింది. బ్యాటరీలో ఉన్నదంతా అదే తాగేసేది. అందుకని వెర్లిన్ ఫ్యాన్ మానేశాడు, రేడియో మానేశాడు. మబ్బు పట్టిన రోజు, బ్యాటరీలో ఎంత మిగిలిందో చూపే మీటరు ముందు నుంచి కదిలేవాడు కాదు.

"నా మొహం కూడా కాస్త చూడవయ్యా! దాన్నేమన్నా పెళ్లాడావా?" అని నడీన్ ఆటపట్టించేది.

జనవరిలో ఆమె దగ్గర్లోని యూమా పట్టణం ఆసుపత్రిలో పోయింది. వెర్లిన్‌కు వెళ్లడానికి మరో చోటు లేదు. ట్రక్కుకు ట్రైలర్ తగిలించుకుని మళ్లీ ఎడారికే వచ్చాడు. ఇప్పుడు పొద్దెక్కేసరికే బ్యాటరీ నిండిపోతోంది. పట్టపగలు దీపాలన్నీ వేశాడు, ఫ్యాన్ తిప్పాడు. అయినా తరగలేదు. చివరికి, చూడలేక మీటరు మీద తువ్వాలు కప్పేశాడు.

ఆ మధ్యాహ్నం, పక్కనే వ్యాన్‌లో కొత్తగా దిగిన గ్లెండా వచ్చింది. "అన్నా, నా ఫ్రిజ్ ఆగిపోయింది. కాస్త కరెంటు ఇస్తారా? మీకు తక్కువ పడదు కదా?"

వెర్లిన్ వైరు లాగి ఆమె చేతికిచ్చాడు. "పడదమ్మా. వాడుకునే మనిషి పోయింది" అన్నాడు. బయటివాళ్లతో ఆ మాట అనడం అదే మొదలు.

గ్లెండా వైరు కింద పెట్టి, ట్రైలర్ మెట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన చతికిలబడి వెర్లిన్ వెక్కి వెక్కి ఏడ్చాడు.