డ్వేన్ సగం

సాయంత్రం ఐదుకల్లా సోల్వెగ్ సంతకం పెట్టాలి. పెడితే శుక్రవారం ఇల్లు బిల్డర్ చేతికి పోతుంది. ఈ బ్యాలర్డ్ పేటలో పాత ఇల్లు కూల్చి ఆ జాగాలో నాలుగు ఇరుకిళ్ళు కట్టడం రోజూ జరిగేదే. కానీ ఈ ఇంటి కింది గదిలో ఒక ముసలామె మంచం మీద ఉంది.

ఆమె ఇంగా, డ్వేన్ తల్లి. డ్వేన్‌తో విడాకులై రెండేళ్ళయినా సోల్వెగ్ ఆమెను 'అమ్మా' అనే పిలుస్తోంది. నిన్న నర్సు గుమ్మంలో ఆగి చెప్పింది: "ఇక వారాలే. ఇప్పుడు కదిపితే దారిలోనే పోవచ్చు."

డ్వేన్ వంటింట్లో నిలబడే కాఫీ తాగుతున్నాడు. కోటు కూడా విప్పలేదు.

"శుక్రవారానికి నేనీ ఇల్లు వదిలి మూడేళ్ళు. గడిచిన ఐదేళ్ళలో రెండేళ్ళు ఇక్కడున్నాననిపించుకుంటేనే నా లాభంలో రెండున్నర లక్షల డాలర్లకి పన్ను లేదు. ఆ రోజు దాటితే మొత్తానికీ కట్టాలి."

"నెలాఖరు దాకా ఉండనిమ్మని బిల్డర్ని అడిగావా?"

"అడిగాను. ఖాళీ ఇల్లయితేనే కొంటాడట."

"కింద ఉన్నది మీ అమ్మ, డ్వేన్."

"నాకు చెప్తున్నావా? ఆవిడ నా తల్లి, నీకేమీ కాదు."

"అందుకే నిన్ను అడుగుతున్నాను. వేరే కొడుకైతే అడగక్కర్లేకపోయేది."

డ్వేన్ కప్పు సింకులో పెట్టాడు. "బ్యాంకువాళ్ళు నా పడవల షెడ్డుకి తాళం వేయబోతున్నారు. ఈ పన్ను కూడా పడితే నేను మునిగినట్టే. చివరి రోజుల రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లో గది దొరుకుతుంది, వాకబు చేశాను. నువ్వు సంతకం పెట్టకపోతే కోర్టుకెళ్తాను. ఇల్లు అమ్మి చెరిసగం పంచుకోమనే విడాకుల తీర్పులో ఉంది."

సోల్వెగ్ ఫోను తీసుకుని పెరటి మెట్ల మీదికి నడిచింది. సన్నగా వాన పడుతోంది. పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళ పన్నులు చూస్తున్న రోజలిన్‌కి ఫోన్ చేసింది.

"ఏదో ఒక దారి చెప్పు రోజలిన్. నాకు మూడు గంటలే టైముంది."

రోజలిన్ ఏవో అంకెలు వేసుకుంది. "ఒకటుంది. కానీ నువ్వు వినకపోతేనే మంచిది."

"చెప్పు."

"తీర్పు మార్పించి అతని సగం నువ్వే తీసుకో. విడాకుల లెక్కలో మాజీ భార్యకి ఇచ్చినదానికి అతనికి పన్నుండదు, విడాకులై ఆరేళ్ళలోపు ఎప్పుడిచ్చినా సరే. అయితే ఆ పన్ను మాయమైపోదమ్మా, నీ నెత్తికెక్కుతుంది. రేపు నువ్వు అమ్మితే రెండు సగాల లాభమూ నీదే. ఆ రెండున్నర లక్షల మినహాయింపు మాత్రం ఒక్కరిదే."

"ఎంత పడుతుంది?"

రోజలిన్ చెప్పింది. సోల్వెగ్ ఆ అంకెను మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

"నేను చెప్పానని ఈ పని చేయకు," అంది రోజలిన్. "నీ వయసు యాభై ఎనిమిది. మళ్ళీ సంపాదించుకోలేవు."

సోల్వెగ్ లోపలికొచ్చింది. "నీ సగం నాకు రాయి. నా రిటైర్మెంట్ డబ్బంతా ఇప్పుడే నీకు మార్పిస్తాను. మిగతాది నెలనెలా. పన్ను నా పాలు."

డ్వేన్ ఆమెనే చూశాడు. "నీకు పిచ్చి పట్టింది."

"అవునో కాదో చెప్పు."

"నెలనెలా ఎక్కడ్నించి తెస్తావు? షాపు జీతంలోనా?"

"అది నీకు అనవసరం."

డ్వేన్ జేబులోంచి ఫోను తీశాడు. బేరమాడతాడనుకుంది సోల్వెగ్. ఆడలేదు. బిల్డర్‌కి ఫోన్ చేసి, అమ్మడం లేదని రెండు ముక్కల్లో చెప్పాడు. తర్వాత లాయరుకి చేసి, తీర్పు మార్చే కాగితాలు రాయమన్నాడు.

"కిందికెళ్ళి చూసి వెళ్ళు," అంది సోల్వెగ్.

"ఇంకోసారి," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోల్వెగ్ కిందికి దిగేసరికి ఇంగా మేలుకునే ఉంది. పైన మాటలన్నీ విన్నట్టుంది. గొంతు పీలగా వచ్చింది. "నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"ఎక్కడికీ లేదమ్మా. ఇక్కడే."

ముసలామె కళ్ళు మూసుకుంది. "అయితే కాళ్ళమీద దుప్పటి సర్దు. చలేస్తోంది."

సోల్వెగ్ దుప్పటి లాగింది. అంచు జారిపోయింది. మళ్ళీ పట్టుకుని, పాదాల కింద గట్టిగా దోపింది.