సహాయానికి చేసిన ఫోను

మధ్యాహ్నం వంటపని తెమిలాక, భర్త లంబాసా ఊళ్ళోని చక్కెర మిల్లు నుంచి వచ్చేలోపు దొరికే తీరికలో టిటిలియా ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేది. ఎవరో ఎక్కడో తమ ఫిజీ భాషలో మాట్లాడిన మాటలు ముక్కలు ముక్కలుగా ఫోనులో వినిపిస్తాయి. విన్నది విన్నట్టు టైపు చేసి పంపితే ముక్కకు కొన్ని సెంట్లు పడతాయి. సబ్బులకూ పిండికీ ఆసరా. ఆ మాటలు ఎవరివో, ఎందుకు రాయిస్తున్నారో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ రోజు వచ్చిన ముక్కలో ఒక మగవాడు ఏదో సహాయకేంద్రానికి ఫోను చేసి చెప్పుకుంటున్నాడు.

"గుండెల్లో నొప్పి తగ్గట్లేదండి. మెట్లెక్కలేకపోతున్నా. సూపర్‌వైజరేమో మాత్ర వేసుకుని పనిలోకి రమ్మంటున్నాడు. ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?" దగ్గు తెర వచ్చింది. "మీకు శ్రమ ఇస్తున్నా, ఏమనుకోకండి."

టిటిలియా వేళ్ళు ఆగిపోయాయి. అది ఇనోకే గొంతు. అక్క మెరెవోని కొడుకు, ఆస్ట్రేలియాలో మాంసం ఫ్యాక్టరీలో పనికి వెళ్ళినవాడు. మళ్ళీ విందామంటే గడువు దాటి ముక్క మాయమైపోయింది.

వెంటనే అతనికి ఫోను చేసింది.

"ఏంటి పిన్నీ, ఈ వేళప్పుడు? బాబాయి మీద చాడీలా?"

"నీ గుండెనొప్పి ఎలా ఉందిరా?"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. నువ్వు చేసిన ఫోను మాటలు నా పనిలోకి వచ్చాయి."

"అది పాత సంగతి. తగ్గిపోయింది. అమ్మతో అనకు పిన్నీ. రోగిష్టినని తేలితే వెనక్కి విమానం ఎక్కించేస్తారు. ఊళ్ళో కడుతున్న ఇంటికి ఇంకా పైకప్పు పడాలి."

"డాక్టరు చూశాడా?"

"చూస్తాడులే."

ఆ మాట ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారగానే బస్సెక్కి అక్క ఊరికి వెళ్ళింది. మెరెవోని ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కూర్చుని చాప అల్లుతోంది. సంగతంతా విని నవ్వి, అక్కడే అందరికీ వినబడేలా కొడుక్కి ఫోను కలిపింది.

"పరాయివాళ్ళ మాటలు వినీ వినీ పిన్నికి బుర్ర పాడైందమ్మా. గిత్తలా ఉన్నా నేను," అని ఇనోకే గట్టిగా నవ్వాడు. ఆడవాళ్ళూ నవ్వారు.

"మావాడు సంపాదిస్తుంటే ఓర్వలేకపోతున్నావేంటే?" అంది మెరెవోని. "ఆ చెవుల్లోవి పీకేసి కాసేపు చాప అల్లు."

నవ్వు మధ్యలో ఇనోకేకు ఊపిరి అందకపోవడం టిటిలియా ఒక్కతే గమనించింది. చెప్పబోయింది. అంతమంది మొహాలు చూసి ఊరుకుంది.

ఇంటికొచ్చి పని ఇచ్చే కంపెనీకి రాసింది. ఆ ఫోను చేసిన మనిషికి ఒంట్లో బాగాలేదు, అక్కడివాళ్ళకు కబురు పెట్టండి అని. మాట్లాడినవాళ్ళ ఆరా తీయడం నిబంధనలకు విరుద్ధమని జవాబు వచ్చింది. మర్నాటి నుంచి ఆమెకు పని రావడం ఆగిపోయింది.

ఆ నెల దాటకుండానే ఇనోకే పనివాళ్ళ బసలో మంచం మీదే పోయాడు. ఉదయం షిఫ్టుకు లేపడానికి వెళ్ళినవాళ్ళు చూశారట. పెట్టెలో ఇంటికి వచ్చాడు.

పాతిపెట్టి వచ్చేదాకా మెరెవోని చెల్లెలి వైపు చూడలేదు. అందరూ చాపల మీద సర్దుకున్నాక వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు ఏమన్నాడో చెప్పు."

"ఇప్పుడెందుకక్కా?"

"నాతో నవ్వుతూ అబద్ధమాడాడు. నిజం ఎవరికో చెప్పుకున్నాడు. నాకూ చెప్పు."

టిటిలియా చెప్పింది. నొప్పి, మెట్లు, మాత్ర, అన్నీ చెప్పింది. ఏమనుకోకండి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మెరెవోని చేత్తో నోరు మూసుకుంది.

"బయటివాళ్ళ దగ్గర ఎప్పుడూ మర్యాదే వాడికి," అంది.

తర్వాత, వచ్చినవాళ్ళకు చేమదుంపలు ఉడికాయో లేదో చూస్తానని లేచింది. సాయం చేద్దామని టిటిలియా కూడా లేవబోతే, వెనక్కి తిరక్కుండానే వద్దని చెయ్యి ఊపింది.