రంగు రాని నీళ్లు

మా ఇంటి వెనక కట్టించిన కొత్త ఈతకొలను చూసి ఆళ్లగడ్డలో బంధువులంతా కుళ్లుకుంటున్నారు. నాకేమో దాన్ని చూస్తేనే భయం. ఎప్పుడూ ముంచే కాలవకు నీళ్లు ఆపేశారని, ఈ ఆదివారం బాప్తిస్మాలు మా కొలనులోనే ఇస్తామని నంద్యాల నుంచి పాస్టరయ్య ఫోన్ చేశాడు. గొప్పకు పోయి సరేనన్నాను. అందరికంటే ముందు మునగాల్సింది నా కూతురు దీవెన. దానికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం.

శనివారం ఎవడో ఫోన్‌కు ఒక వీడియో పంపాడు, వాడి నోట్లో మన్నుపడ! మందు వేయని నీళ్లలో ఏదో క్రిమి ఉంటుందట, ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుందట. వెంటనే క్లోరిన్ పొడి డబ్బాలో సగం కొలనులో కలిపేశాను.

ఆదివారం తెల్లారగానే ఆకుపచ్చ లుంగీతో మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, పరీక్షకు చిన్న గొట్టంలో నీళ్లు పట్టాను. క్లోరిన్ ఉంటే బిళ్ల వేయగానే గులాబీ రంగు రావాలి. వచ్చినట్టే వచ్చి, రెప్పపాటులో మాయమైంది. గొట్టంలో మామూలు నీళ్లే. రంగు లేదంటే క్లోరిన్ లేనట్టే కదా! ఇంకొంత పొడి కలిపి మోటారు తిప్పాను. మళ్లీ చూశాను. రంగు లేదు. దేవుడా, నా బిడ్డను ఈ నీళ్లలో ఎట్లా ముంచేది? భయంతో డబ్బా ఖాళీ చేసేశాను.

"ఏందబ్బా ఈ కంపు? కండ్లు మండుతాండాయి" అంది నా భార్య లూదియా, వంటింటి గుమ్మంలోంచి.

"పరీక్షలో మందే లేదని చూపిస్తాంది. నీకేం తెలుసని మాట్లాడతాండావ్? పోయి వంట చూడు పో!" అని కసిరాను.

తడి లుంగీ తీగ మీద ఆరేసి, ప్యాంటు తొడుక్కున్నాను. అంతలోనే నంద్యాల నుంచి వ్యాను వచ్చింది. అందరూ తెల్లబట్టలే. పాస్టరయ్య దీవెన చెయ్యి పట్టుకుని కొలను మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరి పాదాలూ నీళ్లలో ఉన్నాయి. ప్రార్థన మొదలైంది. ఆయన మొదలుపెడితే కుండలో అన్నం చల్లారాల్సిందే. ఆమెన్ అనేదాకా మా వాళ్లు కళ్లు తెరవరు, ఎవరేం చెప్పినా వినరు.

దీవెన వెక్కుతున్నట్టు వినిపించింది.

"బిడ్డను దేవుడు ముట్టినాడు. స్తోత్రం, స్తోత్రం!" అంది నా వెనక జీవమ్మత్త.

నాకూ కడుపు నిండినట్టయింది. బిడ్డను ఒక్కసారి చూసుకుందామని దొంగతనంగా కళ్లు తెరిచాను. దానికన్నా ముందు తీగ మీది లుంగీ కనబడింది. పైన పచ్చగానే ఉంది. నీళ్లలో తడిసిన కింది భాగమంతా ఎండుగడ్డి రంగుకు తిరిగిపోయింది.

గుడ్డలో రంగునే తినేసిన నీళ్లు గొట్టంలో రంగును ఉంచుతాయా? క్లోరిన్ లేక కాదు, అది మితిమీరిపోయి రంగు రాలేదు. దీవెన వైపు చూశాను. అది వెక్కడం లేదు, దగ్గుతోంది. పెదాలు పాలిపోయి ఊపిరి పిల్లికూతలు కూస్తోంది.

"అయ్యా, ఆపండి!" అన్నాను. స్తోత్రాల హోరులో నా మాట కలిసిపోయింది. పాస్టరయ్య కళ్లు మూసుకునే ఇంకో మెట్టు కోసం కాలితో తడుముతున్నాడు.

"ఆమెన్!" అని గొంతు చించుకుని అరిచాను.

అలవాటు కొద్దీ అందరూ "ఆమెన్" అనేశారు. ప్రార్థన ఆగింది. కళ్లన్నీ తెరుచుకున్నాయి.

"దీవెనా, బయటికి రా! ఆ నీళ్లలో దిగొద్దప్పా ఎవరూ! మందు ఎక్కువేసినా!"

పరిగెత్తి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాను. వీధి వాకిట్లో అరుగు మీద కూర్చోబెట్టాను. లూదియా ఇన్‌హేలర్ తెచ్చి దాని నోటికి పెట్టింది, తర్వాత కాళ్లు మంచినీళ్లతో కడిగింది. బిడ్డ ఊపిరి అందుకునేదాకా నా ప్రాణం నాలో లేదు. జనమంతా మా చుట్టూ మూగారు.

దీవెన మెల్లగా కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"నాయనా, అమ్మ పొద్దున్నే చెప్పింది గదా?"

లూదియా దాని కాళ్లు తుడుస్తూనే ఉంది.

"చెప్పిందమ్మా. నేనే ఇనలే" అన్నాను. అంతమందిలో ఆ మాట గట్టిగానే అన్నాను.