చిట్టిరాణి పోస్టరుకి నేను చేసిన పరీక్ష

ఏది పాత కాగితమో, ఏది పాతదానిలా వేషం వేసుకున్న కొత్త కాగితమో నేను వాసన చూసి చెప్పేస్తానని మా వాళ్లందరూ అనుకునేవారు. అనుకోవడమేమిటి, నేనే చెప్పుకు తిరిగేవాణ్ణి. పాత పోస్టర్లు, లాటరీ టిక్కెట్లు, అగ్గిపెట్టె లేబుళ్లు, ఏది దొరికినా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. మా ఆవిడ నాకు 'కాగితాల డాక్టరు' అని పేరు పెట్టింది. అది వెటకారమని తెలియడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది.

నా వైద్యం ఎలాంటిదంటే, పాత ఓడల కంపెనీ పోస్టరని ఒకటి కొని ఆరేళ్లు హాల్లో వేలాడదీశాను. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ దాని ముందు నిలబెట్టి ప్రాణం తీశాను. చివరికి కుళాయి బాగుచెయ్యడానికొచ్చినాయన చూసి, "ఇదే బొమ్మ మా క్యాలెండర్లో ఉంది సార్, ఆగస్టు నెల" అన్నాడు. భూతద్దం పెట్టి చూద్దును కదా, బారులు తీరిన రంగు చుక్కలు! ఇప్పటి మిషను ప్రింటన్నమాట. తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఎవరేం తెచ్చినా ముందు నకిలీ అనేసి, తరవాత చూడ్డం మొదలుపెట్టాను. దాన్నే అనుభవం అంటారనుకున్నాను.

ఇక మా పిన్ని సంగతి. అమ్మకి ఆఖరి చెల్లెలు, ఎనభై రెండేళ్లు. పెళ్లికి ముందు రెండేళ్లు సర్కస్‌లో తీగ మీద నడిచానని చెబుతుంది. మేమెవరం నమ్మలేదు. బల్బు మార్చడానికి స్టూలెక్కమంటే కళ్లు తిరుగుతున్నాయనే మనిషి తీగెక్కిందంటే ఎలా నమ్ముతాం? మనవలైతే "అమ్మమ్మా, ఈ గీత మీద నడువు చూద్దాం" అని ఆటపట్టించేవారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. లోపల బాధపడుతోందని ఒక్కడికీ తట్టలేదు, నాతో సహా.

మొన్నామధ్య మా ఊరి మ్యూజియం వాళ్లు సర్కస్‌ల మీద ఒక గది పెడుతున్నామని, పాత వస్తువులేమన్నా ఉంటే తెమ్మని ప్రకటించారు. కాగితాలు పరీక్షించడానికి ఎవర్ని పిలిచారనుకున్నారు? ఈ డాక్టరుగార్నే. వారం రోజులు నేను నేల మీద నడిస్తే ఒట్టు.

మొదటిరోజే పిన్ని వచ్చింది. చంకలో ఉన్న చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. వెనక గుడ్డ అంటించిన పోస్టరు. గొడుగు పట్టుకుని తీగ మీద ఒక పిల్ల. కింద పెద్దక్షరాలతో 'ఇనప తీగ మీద చిట్టిరాణి'.

"ఇది నేనేరా," అంది. "సర్కస్ వదిలేసిన రోజు గోడ మీంచి నేనే ఊడదీసి తెచ్చుకున్నా. నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు. ఇక్కడ పెడితే పిల్లలందర్నీ తీసుకొచ్చి చూపిస్తా."

మ్యూజియం మేడమ్, ఇంకో నలుగురు చుట్టూ నిలబడి చూస్తున్నారు. చూసేవాళ్లుంటే నేను ఆగలేను. కర్టెన్లు వేయించి ఊదారంగు లైటు వెలిగించాను. పాతకాలపు చవక కాగితం ఆ వెలుగులో మసగ్గా ఉండిపోతుంది. ఇప్పటి కాగితంలో తెల్లదనానికి మందు కలుపుతారు కాబట్టి నీలంగా మెరుస్తుంది. పిన్ని పోస్టరు ధగధగా మెరిసింది.

ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదని నేను ఊరందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి. భూతద్దం జేబులోనే ఉంది. తియ్యలేదు.

"పిన్నీ, నిన్నెవరో మోసం చేశారు. ఇది ఈమధ్య కొట్టిన నకిలీ," అన్నాను, వెనకవాళ్లకి కూడా వినపడేలా.

"నాకెవరూ అమ్మలేదురా, నేనే..." అనబోయింది. నేను అప్పటికే తరవాతి కాగితం అందుకున్నాను. వెనకెవరో కిసుక్కున నవ్వారు. పిన్ని పోస్టరు చుట్టుకుంటూ, "నీకు తెలుస్తుందిలే నాన్నా, చదువుకున్నవాడివి," అని వెళ్లిపోయింది. నేను మాత్రం రెండు కప్పుల టీ తాగాను.

పది రోజులు పోయాక ఇంట్లో ఏదో లేబుల్ చూద్దామని అదే లైటు వేశాను. లేబుల్ మాట అటుంచి, నా చొక్కా చేతులు భగ్గుమన్నాయి. గుమ్మంలోంచి చూసిన మా ఆవిడ, "అయ్యో, ఆ చొక్కా కూడా నకిలీయేనా? గంజిలో తెల్లదనం పొడి నేనే కలిపానే!" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని పోస్టరు వెనక గుడ్డ అంటించి ఉంది. దేంతో అంటించిందని నేను అడగనేలేదు. చెప్పులేసుకున్నానో లేదో, పిన్ని ఇంటికి పరిగెత్తాను.

"దేంతోనా? గంజితోనేరా," అంది పిన్ని. "చిరిగిపోతోందని అప్పుడప్పుడూ బొమ్మ మీద కూడా ఒక పూత వేసేదాన్ని. మీ బాబాయి చొక్కాలకి పెట్టగా మిగిలింది. పొడి కలిపిందే."

"ఎక్కడుంది పోస్టరు?"

వంటింట్లోకి తీసుకెళ్లింది. డబ్బాల అల్మరా తలుపు తీసింది. మూడు అరలు, మూడు ముక్కలు.

"గుడ్డ ఉందిగా, గట్టిగా ఉందని వేశా. ఎటూ నకిలీదేగా," అంది. మళ్లీ తనే, "నువ్వే అన్నాక నాకే అనుమానమొచ్చిందిరా. నిజంగా నడిచానా, లేక ఊరికే అనుకుంటూ వచ్చానా అని. రెండ్రోజులు అన్నం సయించలేదు," అంది.

నేను డబ్బాలన్నీ కిందికి దించాను. నూనెసీసా తీస్తే చిట్టిరాణి మొహం మీద గుండ్రంగా మరక. భూతద్దం పెట్టాను. బారుల్లేవు, చుక్కల్లేవు. రాతి మీద చేత్తో గీసి అచ్చుకొట్టిన గరుకు గీతలు, పాతకాలపు పని. అసలుసిసలు పోస్టరు. వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చేశాను. చెప్పుకోడానికి సిగ్గేమిటి, ఏడ్చాను.

మ్యూజియం మేడమ్ దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ మంచిది. మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి అద్దం బిగించింది. పక్కన పెట్టే కార్డు నేనే రాస్తానని బతిమాలాను. ఒక రాత్రంతా కూర్చుని ఎనిమిది లైన్లు రాశాను. లైటు, గంజి, నా తొందరపాటు, నా గర్వం, ఏదీ దాచలేదు. నన్ను నేను ఇంత బాగా తిట్టుకోగలనని తెలిసి ముచ్చటేసింది కూడా.

గది తెరిచిన రోజు పిన్ని మనవలందరితో వచ్చింది. చిన్నమనవరాలు ఒకసారి బొమ్మనీ ఒకసారి అమ్మమ్మనీ చూసి, మెల్లగా ఆవిడ చెయ్యి పట్టుకుంది. పిన్ని కళ్లజోడు పెట్టుకుని నా కార్డు రెండుసార్లు చదివింది.

"బాగుందిరా," అంది. "నీ పేరు రెండుచోట్ల ఉంది. మరి నా పేరేదీ?"

వెతికాను. ఎనిమిది లైన్లలో ఎక్కడా లేదు.

కార్డు ఊడదీసి, వెనక్కి తిప్పి, పెన్నుతో పాటు ఆవిడ చేతికే ఇచ్చాను. పిన్ని నింపాదిగా తన పేరు రాసింది. కింద 'నేను నడిచాను' అని రాసింది. దాన్ని పరీక్షించి చెప్పమని నన్నెవరూ అడగలేదు.